అత్తగారి మంచమా, లండన్ ఆర్డరా?

నరసాపురం ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆ రెండూ తీసేసి, మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆమెకు 39 ఏళ్లు. పదకొండో ఏట వాళ్లమ్మ పక్కన కూర్చుని క్రోషియా సూది పట్టారు. ఇరవై ఏళ్లు ఏజెంట్లకు లేసు ముక్కలు అల్లి ఇచ్చారు. ఎనిమిదేళ్లుగా తనే 26 మంది ఆడవాళ్లకు దారం పంచి, అల్లినవి తీసుకుని, అతుకుపని చేయించి ఒక ఎగుమతిదారుకు ఇస్తున్నారు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక ఆయన ఆర్డర్లు సగానికి తగ్గించారు. పాత బాకీ లక్షా ఎనభై వేలు ఏడు నెలలుగా ఇవ్వడం లేదు. ఈలోగా ఒక ఎగ్జిబిషన్‌లో పరిచయమైన లండన్ షాపు యజమాని, 400 టేబుల్ మ్యాట్లు నేరుగా పంపగలరా అని మెయిల్ పెట్టారు. అది వచ్చిన పన్నెండో రోజున అత్తగారికి పక్షవాతం. కుడి పక్క పడిపోయింది. ఆవిడ మంచం దిగలేరు.

భర్త ఎరువుల దుకాణంలో గుమస్తా. "ఆయన చెడ్డవారు కాదు, చెబితే చేస్తారు" అని ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. భీమవరంలో ఉండే ఆడపడుచు మాత్రం "కోడలు ఇంట్లోనే ఉంటుంది కదా, ఆయా ఎందుకు? నలుగురూ నవ్వుతారు" అన్నారట. కూతురు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది.

"రాత్రి రెండింటికి లేచి అత్తయ్యగారిని పక్కకు తిప్పుతాను. మళ్లీ ఐదింటికి. మధ్యలో నిద్ర పట్టక దారం తీస్తాను. మొన్న తెల్ల మ్యాట్ మీద టానిక్ మరక పడింది. ఎంత ఉతికినా పోలేదు. ఏడుపొచ్చింది. అత్తయ్యగారి కోసం ఏడ్చానో మ్యాట్ కోసం ఏడ్చానో నాకే తెలీలేదు. టీవీలో ఎప్పుడు చూసినా నారీశక్తి అంటారు, మహిళా పారిశ్రామికవేత్తలంటారు, ఎగుమతులంటారు. అవన్నీ ఎవరికి అందుతున్నాయి మేడమ్? నన్ను ఆర్డర్ వదులుకోమంటారా?"

సంతకం పెట్టేశాక, కింద మిగిలిన కాస్త చోట్లో ఇంకో మాట ఇరికించారు. "పాప ట్యూషన్ మానేసింది. సాయంత్రాలు నానమ్మ దగ్గర కూర్చుంటోంది. నేను మానమనలేదు."

సమాధానం:

నేను ఆ సంతకం కింది మాటతోనే మొదలుపెడతాను. ఆరు పేజీల్లో మీరు ఎవరెవరు ఏమన్నారో రాశారు, జీఎస్టీ గురించి అడిగారు, దారం ధర ఎంత పెరిగిందో కూడా రాశారు. పాప సంగతి మాత్రం చోటు మిగిలితే వచ్చింది. మీరు మానమనలేదు, నిజమే. మీ ఆయనా అని ఉండరు. పదిహేడేళ్ల పిల్ల ఇల్లంతా ఓసారి చూసి, ఖాళీగా ఉన్న ఆడమనిషి ఎవరా అని లెక్క వేసుకుని, తనే అని తేల్చుకుంది. అదే ఇంట్లో కొడుకు ఉండి ఉంటే ట్యూషన్ మానేవాడా? మిమ్మల్ని నిందించడానికి అడగడం లేదు. ఇంట్లో మనిషి మంచాన పడ్డప్పుడు ఆ ఖర్చు ముందు ఎవరి ఖాతాలోకి పోతుందో మీ పాప చూపించింది. మీరు ఏ దారి ఎంచుకున్నా, ఆ పిల్ల ట్యూషన్‌కి వెళ్తోందా లేదా అనే కొలతతోనే దాన్ని కొలవమంటాను.

మీరు ఒక ప్రశ్న అడిగాననుకున్నారు గానీ అందులో మూడున్నాయి. అత్తగారిని ఎవరు చూడాలి, ఆగిపోయిన డబ్బు ఎలా రాబట్టాలి, లండన్ ఆర్డర్ ఏం చేయాలి. మూడూ ఒకే నెలలో నెత్తిన పడ్డాయి కాబట్టి ఒకే ముడిలా కనిపిస్తున్నాయి.

మీ ఆడపడుచు "ఇంట్లోనే ఉంటుంది కదా" అన్నారు. లేసు వ్యాపారులు వందేళ్లుగా అంటున్నదీ అదే. "ఆడవాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు." పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు గోదావరి ఒడ్డున ఈ అల్లిక నేర్పారు. నాటి నుంచి అది సముద్రాలు దాటి వెళ్తూనే ఉంది. అల్లిన మనిషి మాత్రం కాగితాల్లో గృహిణిగానే ఉండిపోయింది. ఖాళీ సమయంలో చేసే పనికి కూలి ఎందుకన్నది వ్యాపారి లెక్క. ఇంట్లో ఉండే మనిషికి సాయం ఎందుకన్నది కుటుంబం లెక్క. ఒకే మాటను రెండు చోట్ల రెండు రకాలుగా వాడుకుంటున్నారు, మీ గంటలు రెండు చోట్లా ఉచితంగా పోతున్నాయి.

ఇది మీ ఒక్కరి కథ కాదనడానికి ప్రభుత్వం దగ్గరే లెక్క ఉంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఇస్తున్నారని తేలింది. అది కూడా ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పని వేరే పద్దు. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని చెప్పింది. అప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ఇంతకుముందు 2019లో జరిగిన ఇలాంటి సర్వే లెక్కలనే ఉదహరించారు. ఆ విలువ మనిషి పోయాక పరిహారం కట్టేటప్పుడు గుర్తొచ్చింది, ఏం చేస్తాం.

ప్రభుత్వం సంగతి అడిగారు. "అంతా మోసం" అనలేను, "అన్నీ ఉన్నాయి, మీరే వాడుకోవడం లేదు" అనీ అనలేను. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మహిళల కోసమని చూపించిన పద్దులన్నీ కలిపితే 4.49 లక్షల కోట్లు, మొత్తం బడ్జెట్‌లో 8.86 శాతం. అప్పు కావాలంటే ముద్ర ఉంది, డ్వాక్రా ఉంది. బయటి దేశాలకు అమ్మాలంటే ఎగుమతి కోడ్ ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో స్త్రీ పురుష సమానత్వం మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. అంటే వ్యాపారి అయిన మీకోసం ఎవరో ఒకరు ఆలోచించారు. రాత్రి రెండింటికి లేచే మీకోసం ఆలోచించిన వాళ్లు తక్కువ. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ శిశు సంరక్షణ గది పెట్టాలని చట్టం ఉంది. మీ 26 మంది ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుంటారు, వాళ్లకు యజమాని అంటూ లేడు. పాల్నా పథకం కింద నడిచే కేంద్రాలు ఆరేళ్లలోపు పిల్లలకు. డెబ్బై దాటిన పెద్దలకు ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి ఐదు లక్షల వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది గానీ, అది ఆస్పత్రిలో చేరితేనే. ఇంటికి తెచ్చాక పక్క మార్చే మనిషిని రోజూ పంపే పథకం లేదు. ఆ పని చేయడానికి ఇంట్లో ఎలాగూ ఒకరు ఉంటారని అందరూ అనుకున్నారు.

ఇంకో సంగతి, మీ పనికి నేరుగా తగిలేది. చేతివృత్తులవారి కోసం 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవారున్నారు. లేసు అల్లేవారు లేరు. ఎవరైనా మధ్యవర్తి ఆ పథకం ఇప్పిస్తానని డబ్బు అడిగితే ఇవ్వకండి.

అలాగని చేతికి అందేది ఏమీ లేదనుకోవద్దు. అత్తగారికి నెలకు 4,000 పింఛను వస్తోందని రాశారు. ఎన్టీఆర్ భరోసాలోనే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి వేరే వర్గం ఉంది, నెలకు 15,000 రూపాయలు. ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం ఉండాలి. మీ గ్రామ సచివాలయంలో అడిగి, దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో, వైద్య పరీక్ష ఎక్కడో రాయించుకోండి. తనిఖీలు గట్టిగానే ఉంటాయి, మంజూరయ్యేదాకా ఆ డబ్బు మీద లెక్కలు కట్టకండి. ఆవిడ కోలుకుని నడిస్తే ఆ వర్గంలోంచి తీసేస్తారు. అలా తీసేసే రోజు రావాలనే కోరుకుందాం. అందుకే మొదటి నెలల్లో ఫిజియోథెరపీ మానొద్దు. వచ్చింది మాత్రం ఆవిడ సంరక్షణకే ఖర్చవ్వాలి, ఇంటి అప్పుల్లోకి జారిపోకూడదు. పగలు నాలుగైదు గంటలకు మీ ఊళ్లోనే ఒక మనిషిని పెట్టుకోవడానికి అది ఆధారమవుతుంది. ఆ వచ్చే ఆమెకీ ఓ ఇల్లుంటుంది, అక్కడ ఆమె కోసం ఎవరో చూస్తూ ఉంటారు. జీతం బేరమాడేటప్పుడు గుర్తుంచుకోండి. మీకు వ్యాపారి చేసిందే మీరు ఆమెకు చేయకండి.

ఇక ఆడపడుచుగారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 'పిల్లలు' అంటే ఎవరో రాసి ఉంది. కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు ఆ జాబితాలో లేదు. చట్టం ప్రకారం అత్తగారి బాధ్యత మీకంటే ముందు ఆవిడ కూతురిది. దీన్ని తీసుకెళ్లి ఆవిడ మొహాన కొట్టకండి, కొడితే ఆ పూటకి మీదే పైచేయి గానీ వచ్చే సంక్రాంతికి ఆవిడ గుమ్మం తొక్కరు. మీ మనసులో ఉంచుకోండి, చాలు. నేనేదో తప్పించుకుంటున్నాననే దిగులు కాస్త తగ్గుతుంది. మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. "అక్కా, నెలకు రెండు శనాదివారాలు నువ్వు రా, లేకపోతే ఆయా జీతంలో ఇంత ఇవ్వు" అని తమ్ముడు అడిగితే అది అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మాట అవుతుంది. అదే మీరు అడిగితే కోడలి ఫిర్యాదు అవుతుంది. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు కనీసం నలుగురూ నవ్వుతారనే మాట ఇంకోసారి రాదు.

మీ ఆయన గురించి. "చెబితే చేస్తారు" అన్నారు. చెప్పడం కూడా పనే కదండీ. ఏ మందు ఎప్పుడో, డైపర్లు ఎన్ని మిగిలాయో, దుప్పటి ఎప్పుడు మార్చారో మీ తలలో ఉంటుంది, ఆయన చేతులు మాత్రం అరువిస్తారు. ఒక వారం పాటు గోడ క్యాలెండర్ పక్కన తెల్లకాగితం అంటించి, అత్తగారి పని ఏది, ఎవరు, ఎంతసేపు చేశారో రాయండి. పోట్లాట కోసం కాదు. ఏడో రోజు ఆయన్నే చదవమనండి. తర్వాత ఒక పనిని మొత్తంగా ఆయనకు వదిలేయండి. నేనైతే రాత్రి రెండు గంటలది వదిలేస్తాను. అలారం ఆయన ఫోన్లో మోగాలి. మొదటి మూడు రాత్రులు మీకూ మెలకువ వస్తుంది, లేవకండి. మా ఇంట్లో మా నాన్నగారు పడకేసినప్పుడు మా అన్నయ్యకి ఇలాగే ఒక పూట అప్పజెప్పి, నేను పక్క గదిలో కళ్లు తెరుచుకుని పడుకున్నాను. అతను సరిగ్గానే చేశాడు. నాకంటే మెల్లగా, అంతే.

డబ్బు సంగతి. ముద్ర రుణం అప్పుడు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించారని రాశారు, మంచి పని చేశారు. సరుకు ఇచ్చేనాటికే అది ఉంటే, కొన్నవాడు రాతలో ఒప్పుకున్న గడువులోగా, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. రాత ఏమీ లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. చిన్న సంస్థల బాకీల కోసం ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అయితే పెట్టిన రోజే ఆ ఎగుమతిదారుతో బంధం తెగినట్టే. ఆయనకూ అమెరికాలో దెబ్బ తగిలింది, 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది, అబద్ధం కాదు. కానీ ఆ దెబ్బ ఆయన దగ్గర ఆగకుండా మీ దగ్గరికి, మీ దగ్గర్నుంచి అల్లేవాళ్ల దగ్గరికి వచ్చింది. మధ్యేమార్గం ఒకటుంది. బిల్లుల తేదీలు, బాకీ మొత్తం, ఈ 45 రోజుల నిబంధన రాసి ఒక ఉత్తరం పంపండి, మూడు వాయిదాల్లో ఇవ్వమనండి. ఫిర్యాదు మాట అందులో ఎత్తక్కర్లేదు, నిబంధన మీకు తెలుసని ఆయనకు తెలిస్తే చాలాసార్లు మొదటి వాయిదా వస్తుంది. రాకపోతే అప్పుడు పోర్టల్.

ఇప్పుడు లండన్. మీరు రాసిన అంకెలతోనే ఒక లెక్క వేశాను. మ్యాట్‌కు 11 గంటలు. 400 మ్యాట్లకు 4,400 గంటలు. 26 మందికి పంచితే తలా 169 గంటలు. రోజుకు నాలుగు గంటల చొప్పున 42, 43 రోజులు. అతుకు, ఉతుకు, ఇస్త్రీ, ప్యాకింగ్ కలుపుకుని రెండున్నర నెలలు అనుకోండి. ఈ లెక్కలో మీరు ఒక్క కుట్టు కూడా అల్లలేదు చూశారా? టానిక్ మరక పడిన ఆ మ్యాట్ మీరు అల్లాల్సింది కాదు. మీ పని దారం ఇవ్వడం, ముక్క చూడటం, బిల్లు రాయడం. అది రోజుకు రెండు గంటల పని, మీ అరుగు మీదే చేయొచ్చు.

అందుకని మీ ముందు దారులు మీరనుకున్నన్ని కాదు, ఇంకాస్త ఎక్కువే ఉన్నాయి. పూర్తిగా వదులుకోవచ్చు. ఆరు నెలలు ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, అత్తగారి దగ్గర ఉండాలని మీకే నిజంగా ఉంటే అందులో తప్పేమీ లేదు. కానీ ఆ షాపు యజమాని ఇంకొకరిని వెతుక్కుంటారు, మీ 26 మందిలో సగం మంది పాత ఏజెంటు దగ్గరికి పోతారు, బాకీ పడ్డ ఎగుమతిదారు ఒక్కడే మీకు దిక్కవుతాడు. లేదా 400కీ ఒప్పుకోవచ్చు. అప్పుడు పగటి ఆయా, మీ ఆయన రాత్రి పూట, ఈ రెండూ ఆర్డర్‌కి ముందే కుదరాలి. అవి కుదరకుండా ఒప్పుకుంటే ఎవరు కూలిపోతారో మనకు తెలుసు, మీ తర్వాత పాప.

మూడోది, 100 మ్యాట్లతో మొదలుపెట్టడం. చిన్న పార్సెళ్లు పోస్టాఫీసు నుంచే ఎగుమతి చేయడానికి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి. లాభం తక్కువే ఉంటుంది, కానీ నేరుగా పంపడంలో ఉన్న తిప్పలు చిన్న మొత్తం మీద నేర్చుకుంటారు. బయటి దేశానికి పంపే సరుకుకి జీఎస్టీ కాగితాలు ఎలా ఉండాలో మాత్రం ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి, ఉత్తరాల్లో తేలేది కాదు. నాలుగోది మీరు రాయనే లేదు. మీ దగ్గర అతుకుపని చేసే ఆమె "నాకంటే గట్టిగా ముక్కలు తిప్పి పంపుతుంది" అన్నారు. ఆమెను ఈ ఆర్డర్‌లో వాటాదారుగా తీసుకోవచ్చు. లాభం పంచుకోవాలి, లండన్ పరిచయం ఆమెకూ దక్కుతుంది, రేపు ఆమె విడిగా పెట్టుకోవచ్చు కూడా. ఆ భయం న్యాయమైనదే. కాకపోతే ఈ ఏడాదంతా ఇంటికీ పనికీ మధ్య మీరొక్కరే పరుగెత్తడం కంటే అది పెద్ద నష్టమా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఏది చేసినా ధర మాత్రం పాత ఎగుమతిదారు ఇచ్చే రేటు మీద పది శాతం కలిపి చెప్పకండి. పదకొండు గంటలకు గంటకింత అని కూలి కట్టి, దారం, అతుకు, ప్యాకింగ్, మీ రెండు గంటలు కలిపి చెప్పండి. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు లేసుకే చెల్లుతుంది. ఆ మాట ధర పక్కన రాయడానికి పనికొస్తుంది. బ్రిటన్ ఒప్పందం పూర్తిగా అమలైతే మన ఎగుమతుల్లో దాదాపు 99 శాతం రకాలకు అక్కడ సుంకం పడదు. ఆ మిగులు కొన్నవాడి జేబులోకే మొత్తం పోనివ్వకండి.

ఆ మెయిల్‌కు ఇంకా జవాబివ్వలేదన్నారు. ఈ రాత్రే రెండు వాక్యాలు పంపండి: ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు, ఎన్ని పంపగలనో, ఎప్పటికి పంపగలనో, ధరెంతో పది రోజుల్లో చెబుతాను. ఇంట్లో కష్టముందని చెబితే పనిచేయలేదనుకుంటారేమో అని మీ భయం. చెప్పకుండా నెల గడిస్తే తప్పకుండా అలాగే అనుకుంటారు. ఆ పది రోజుల్లో సచివాలయానికి ఒకసారి వెళ్లండి, గోడమీది కాగితం నింపండి, అతుకుపని ఆమెతో ఒక సాయంత్రం మాట్లాడండి.

రేపు ఉదయం మాత్రం, ఇవన్నీ మొదలుపెట్టకముందే, ట్యూషన్ మాస్టారికి ఫోన్ చేసి పాప ఎన్ని పాఠాలు వెనకబడిందో అడగండి. సోమవారం నుంచి వస్తుందని చెప్పండి.